మా తూకం ఫైలు ఒళ్ళు తగ్గిన వైనం

ఆ రోజుల్లో ఫైలుకి బరువుండేది. ఇప్పుడీ మాట అంటే మా ఇంట్లోనే ఎవరూ నమ్మరు. ఇవాళ ఫోనులో టార్చి వెలిగించే బోడి అప్లికేషను కూడా అప్పటి మా ఆఫీసు మొత్తాన్ని, లోపలి మనుషులతో, కుర్చీలతో, మూలనున్న మంచినీళ్ళ కూజాతో సహా మింగేసి, ఇంకా ఆకలి తీరనట్టు నోరు తెరుచుకుని కూర్చుంటోంది. ఫోను నిండిపోయిందని అది మొత్తుకుంటే మనం ఇంకో పెద్ద ఫోను కొంటాం తప్ప, లోపల కూర్చున్నవాణ్ని 'ఎందుకురా నీకింత ఒళ్ళు?' అని అడగం. ఆ ప్రశ్న అడిగిన మనిషిని నా జన్మలో ఒక్కర్నే చూశాను. ఆవిడ గట్టిగా అడిగితే ఫైలే కాదు, సింహాచలం కొండ కూడా కాస్త పొట్ట లోపలికి లాక్కునేది. ఆవిడ గురించి చెప్పాలనే ఇదంతా. (మధ్యలో నా గురించి కూడా వస్తుంది. క్షమించాలి, అక్కడ నేనూ ఉన్నాను మరి.)

మా ఆఫీసు గాజువాకలో, లారీ టైర్ల కొట్టు మీద, మూడో అంతస్తులో ఉండేది. మెట్లు ఎంత నిటారుగా ఉండేవంటే, ఎక్కేవాడి మోకాలు వాడి గెడ్డానికే తగిలేది. ఒక కిటికీ తెరిస్తే ఫ్యాక్టరీల పొగ, రెండోది తెరిస్తే పోర్టు వైపు నుంచి ఎర్రటి ఇనప మట్టి, రెండూ మూసేస్తే కింద కొట్లోంచి రబ్బరు వాసన. పొద్దున్న తెల్ల చొక్కాతో ఎక్కినవాడు సాయంత్రం సన్యాసం పుచ్చుకున్న రంగులో దిగేవాడు. మా యజమానిని ప్రొప్రయిటరు గారనేవాళ్ళం. పోర్టులో కరెంటు పని చేసి రిటైరైన మనిషి, మహా భక్తుడు, స్విచ్చి వేసినా దణ్ణం పెట్టి వేసేవారు. లారీలు తూచే కాటాలకి మేం సాఫ్టువేరు తయారుచేసేవాళ్ళం. లారీ వచ్చి కాటా మీద నిలబడుతుంది, మా ప్రోగ్రాము దాని బరువు చదువుతుంది, ఖాళీ లారీ బరువు తీసేస్తుంది, మిగిలింది సరుకని చీటీ కొడుతుంది. ఇంతే. ఈ ఇంత పనికి రాకెట్టు పంపుతున్నవాళ్ళ మొహాలు పెట్టుకుని తిరిగేవాళ్ళం.

ఈ తూచే విద్య అంతా ఒక లైబ్రరీ ఫైలులో ఉండేది. లైబ్రరీ అనగానే పుస్తకాలూ, నిశ్శబ్దం పాటించండన్న బోర్డూ ఊహించుకోకండి. ఇది రుబ్బి పెట్టుకున్న పిండి లాంటిది. మనం రాసిన పంక్తుల్ని కంపైలరనే గ్రైండరు రుబ్బి ఒక ఫైలుగా ఇస్తుంది, విండోస్‌లో దాన్ని డీఎల్ఎల్ అంటారు. చీటీ కొట్టే ప్రోగ్రామొచ్చి అందులోంచి నాలుగు గరిటెలు తీసుకుని ఇడ్లీ వేసుకుంటుంది, లెక్కల ప్రోగ్రామొచ్చి అట్టు పోసుకుంటుంది. పిండి మాత్రం ఒక్కటే. ఆ పిండిని రాసింది మా అక్క. రుబ్బి పంపడం నా పని. దాన్ని కాటా దగ్గరికి మోసుకెళ్ళి కంప్యూటర్లో ఎక్కించడం బావ పని.

బావ నాకే వరసా కాడు. తగరపువలస నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు, ఆ బస్సు డ్రైవరుకీ బావే, టైర్ల కొట్టు ఆయనకీ బావే, ఒకసారి పొరపాటున ప్రొప్రయిటరు గారిక్కూడా బావైపోయాడు. అక్క మాత్రం నిజంగా ఆఫీసంతటికీ అక్క. వాళ్ళ నాన్నగారు స్టీలు ప్లాంటులో ఉద్యోగానికని గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. అక్క ఇక్కడే పుట్టి పెరిగినా మాటలో ఆ 'అండీ' మాత్రం ఇంట్లోంచి తెచ్చుకుంది. వినయం అనే సరుకు ఆవిడ దగ్గర దొరికేది కాదు. "నా అంత ప్రోగ్రామరు భీమిలి నుంచి అనకాపల్లి దాకా ఉంటే తీసుకురండి, నేనూ చూసి ఆనందిస్తాను" అనేది. తీసుకురావడానికి మేం ఎంత వెతికినా దొరకలేదు. ఆవిడ కీబోర్డు మీద వేళ్ళు వేస్తే కింద టైరు మార్చేవాళ్ళు వాన మొదలైందేమోనని పైకి చూసేవాళ్ళు.

ఇక మా ఆఫీసు ఆచారం ఒకటి చెప్పాలి, దాని వల్లే ఈ కథ. దసరాకి మా వైపు పనిముట్లన్నిటికీ పూజ చేస్తారు కదా. లారీకి బొట్టు పెడతారు, క్రేనుకి పెడతారు, టైరులో గాలి కొట్టే మిషనుకి దండ వేస్తారు. మేం మొదటి ఏడు కంప్యూటర్లకి కుంకుమ పెట్టి, గంధం రాసి, ఒక కీబోర్డుని దాదాపు అభిషేకం దాకా తీసుకెళ్ళాం. అప్పుడు ప్రొప్రయిటరు గారికి ధర్మసందేహం వచ్చింది. "పనిముట్టు ఇనప డబ్బా కాదయ్యా, లోపలున్న సాఫ్టువేరు. దానికి బొట్టెక్కడ పెడతాం?" అన్నారు. ఆలోచించి ఆలోచించి ఆయనే దారి కనిపెట్టారు. అమ్మవారి బొమ్మ ఒకటి స్కాను చేయించి, ఆ డీఎల్ఎల్ లోపల పెట్టించారు. ప్రోగ్రాము దాన్ని ఎక్కడా చూపించదు, ఎవరికీ కనపడదు. గర్భగుడి అన్నమాట. పెట్టిన పూజారిని నేనే. ఏడాదికో బొమ్మ చొప్పున పెడుతూ వచ్చాను, పాతది తీసే ధైర్యం ఎవరికుంది? బొమ్మ చిన్నదైతే అమ్మవారికి అవమానమని సినిమా హాలు ముందు పోస్టరంత సైజులో, ఏ కుదింపూ లేకుండా, చీర జరీలో ప్రతి పోగూ కనపడేలా స్కాను చేయించేవాణ్ని. అక్క దసరాకి ఊరెళ్ళేది కాబట్టి ఈ గర్భగుడి విస్తీర్ణం ఆవిడకి తెలీదు.

ఇలా సుఖంగా ఉండగా మా పెద్ద ఖాతా అయిన స్టాకు యార్డు షావుకారు కాటా గదిలో కంప్యూటరు మార్చేశాడు. పాతవాటిని ఎర్ర మట్టి తినేస్తోందని, గాలి కూడా చొరబడని ఒక బుల్లి డబ్బా తెప్పించాడు. దాంట్లో ఫ్యానుండదు, హార్డుడిస్కుండదు, వేలెడంత మెమరీ కార్డుంటుంది. ఆ కార్డులో విండోస్ కాళ్ళు బారజాపుకుని పడుకోగా మిగిలిన జాగా నాలుగు ఎంబీలు. మా ఫైలు పన్నెండు ఎంబీలు. కాటా గదిలోంచి బావ ఫోను చేశాడు.

"బావా, నీ ఫైలు పట్టట్లేదు."

"పట్టకపోవడవేటి?"

"అగ్గిపెట్టిలో బొంత కుక్కినట్టుంది. జాగా లేదని సెప్తంది. ఎనకాల లారీలోళ్ళు ఆరన్లు కొట్టి సంపేత్తన్నారు. షావుకారు ఏటన్నాడో తెల్సా? సుక్రారం నాటికి ఈ డబ్బాలో కాటా ఆడకపోతే ఐదరాబాదోళ్ళ సాఫ్టువేరు ఎట్టించేత్తాడంట. ఆళ్ళది సన్నగుంటాదంట."

'సన్నగుంటాదంట' అన్న మాట నా గుండెలో దిగింది. ఆ యార్డే మా అన్నం. అది పోతే ఆఫీసు తాళం పడుతుందని ప్రొప్రయిటరు గారు మొహమాటం లేకుండా చెప్పేశారు. ఆఫీసుకి తాళం పడితే నా గతేమిటో కూడా ముందే రాసిపెట్టి ఉంది. చేపల రేవు దగ్గర మా మావయ్యకి ఐసు ఫ్యాక్టరీ ఉండేది. ఆయన ఇంటికొచ్చినప్పుడల్లా నన్ను ఎద్దుని చూసినట్టు భుజాలు తడిమి చూసేవాడు. "ఏరా గుంటడా, ఆ కంప్యూటర్లో ఏటి సేత్తన్నావురా? వొత్తిగా కూకుంటే ఎన్నాళ్ళిత్తాడు జీతం? మా ఫ్యాక్టరీకొచ్చీ. ఐసు దిమ్మలు దింపించడానికి మనిసి కావాలి" అనేవాడు. మా అమ్మ కూడా "ఏసంకాలం సల్లగుంటాదిరా" అని ఆశ పెట్టేది. ఆ వారమంతా రాత్రి కళ్ళు మూస్తే చాలు, నేను ఐసు దిమ్మల మధ్య రంపం పట్టుకుని, చుట్టూ కోనం చేపలు నావైపే జాలిగా చూస్తూ కనపడేవి.

అక్క పిన్ని కూతురి పెళ్ళికని రాజమండ్రి వెళ్ళింది, గురువారానికి గానీ రాదు. అందుకని ఆఫీసుని రక్షించే బాధ్యత నా భుజాల మీద పడింది. (మావయ్య తడిమి చూసిన భుజాలే.) నేను బాగా ఆలోచించి, కోడు తెరిచి, అందులో ఉన్న కామెంట్లన్నీ తుడవడం మొదలుపెట్టాను. కామెంట్లంటే ప్రోగ్రాము రాసినవాళ్ళు తరవాతివాళ్ళ కోసం పక్కన రాసుకునే వ్యాఖ్యలు. 'ఇక్కడ ఖాళీ లారీ బరువు తీసేస్తున్నాం', 'ఈ పంక్తి ముట్టుకున్నవాడి చెయ్యి విరుగుతుంది - ఇట్లు అక్క' లాంటివి. ఇన్ని మాటలుంటే బరువెక్కదా మరి? పొద్దుటి నుంచి పొద్దు పోయేదాకా మెడ వంచి తుడిచాను. పెద్ద పెద్ద పేర్లున్న చోట ఒక్కో అక్షరం పేర్లు పెట్టాను. 'ఖాళీలారీబరువు' అన్నది 'ఖ' అయిపోయింది. వేళ్ళు వాచాయి. చివర్లో దేవుడికి దణ్ణం పెట్టి రుబ్బితే ఫైలు సైజు ఎంతుందో తెలుసా? పన్నెండు ఎంబీలు. ఒక్క ఆవగింజ కూడా తగ్గలేదు. కంపైలరు కామెంట్లని అసలు చదవనే చదవదట, రుబ్బేముందే పొట్టు ఊదేసినట్టు ఊదేస్తుందట. మనం పెట్టుకున్న పేర్లు ఎంత పొడుగైనా దానికొకటేనట. ఈ సంగతి కాలేజీలో చెప్పారు. ఆ రోజు నేను యారాడ బీచికి వెళ్ళాను.

మర్నాడు ఫైలుని జిప్ చేసి బావకి పంపాను. చిటికెలో బుల్లిదైపోయింది. నా తెలివికి నాకే ముచ్చటేసి అద్దంలో తల దువ్వుకున్నాను. దువ్వెన జేబులో పెట్టేలోపు ఫోను. "ఇది ఇప్పకుండా ఎలా వాడతాం బావా? ఇప్పితే మళ్ళీ బొంతే కదేటి?" అన్నాడు బావ. సరేనని ఇంటర్నెట్టు సెంటరులో కూర్చుని వెతికి, ఒక వింత సామాను పట్టుకొచ్చాను. అది డీఎల్ఎల్‌ని మూటగట్టేస్తుంది, పని పడినప్పుడు ఆ మూట తనంతట తానే మెమరీలో విప్పుకుంటుంది. పన్నెండు కాస్తా మూడున్నర అయింది! నేను కుర్చీలో లేచి నిలబడ్డాను. ప్రొప్రయిటరు గారు కొబ్బరికాయ కొట్టారు. ఆ చిప్పలు ఇంకా ఆరకముందే బావ.

"బావా, నీ ఫైలుని పోలీసోళ్ళట్టుకెళిపోనారు."

"ఏ పోలీసోళ్ళు?"

"కంప్యూటర్లో వైరస్సులు పట్టేదుందికదా, అదీ. నీ ఫైలుని సూడగానే సైరనేసీసింది. మూటగట్టుకొచ్చినోడు దొంగేనని సెప్పి సెరిపేసింది. షావుకారు కూడా ఇన్నాడు. 'వైరస్సులు పంపుతన్నారేటయ్యా' అంటన్నాడు. నానేటి సెప్పను?"

నేనేటి చెప్పను? ప్రొప్రయిటరు గారు కొబ్బరి ముక్క నములుతూ నావైపు చూసిన ఆ చూపు, ఆ తరవాత నాకు ఇద్దరు పిల్లలు పుట్టి, వాళ్ళ లెక్కల మార్కులు వచ్చేదాకా ఎవరి మొహంలోనూ చూడలేదు.

గురువారం మధ్యాహ్నం, కరెంటు పోయి ఆఫీసంతా కొలిమిలా ఉండగా, ఒక చేత్తో కాజాల డబ్బా పట్టుకుని, ఇంకో చేత్తో కొత్త పట్టుచీర సర్దుకుంటూ అక్క మెట్లెక్కి వచ్చింది. ఆ మెట్లు ఎక్కి ఆయాసపడని మనిషి లోకంలో ఆవిడొక్కతే. మా మొహాలు చూసి, "ఏంటండీ, ఎవరైనా పోయారా?" అంది.

"పోబోతున్నామమ్మా" అన్నారు ప్రొప్రయిటరు గారు.

జరిగిందంతా విని, కరెంటు రాగానే కూర్చుని కోడు తెరిచింది. పైనించి కిందకీ, కిందనించి పైకీ జరిపి చూసింది. "ఒరేయ్ అబ్బాయ్, నా కామెంట్లేవిరా?"

"తీసేశానక్కా. బరువు తగ్గుతుందని."

"ఈ 'ఖ' ఏంట్రా?"

"ఖాళీ లారీ బరువక్కా."

అక్క నవ్వింది. ఎలా నవ్విందంటే, కింద టైరులోంచి గాలి పోయిందని వాళ్ళు పరుగెత్తారు, పోర్టులో ఒక ఓడ తిరిగి కూత వేసిందని బావ ఇప్పటికీ ప్రమాణం చేస్తాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "పోన్లే, పాత కాపీ నా దగ్గరుంది. ఇంత కష్టపడి ఇంత పనికిరాని పని చెయ్యాలంటే మామూలు మనిషి వల్ల కాదురా. నీలో ఏదో ఉంది" అంది. ఆఫీసులో నాకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది. (నేను మెచ్చుకోలుగానే తీసుకున్నాను.)

తరవాత అసలు విద్య మొదలైంది. "ముందిది చెప్పు. దీన్ని డీబగ్గులో ఎందుకు రుబ్బుతున్నావ్?" అంది. ఫైలుని రెండు రకాలుగా రుబ్బొచ్చు. కడుతున్న ఇంటికి సెంట్రింగు కర్రలూ, పరంజాలూ ఉంటాయి కదా, తప్పులు వెతుక్కోవడానికి వీలుగా అలా అన్నీ ఉంచి రుబ్బితే డీబగ్గు. ఇల్లు పూర్తయ్యాక అవన్నీ ఊడదీసి రుబ్బితే రిలీజు. కాటాకి పంపాల్సింది రిలీజు. మేం గృహప్రవేశమయ్యాక కూడా కర్రలతో సహా పంపుతున్నాం. ఎందుకంటే మొదటిసారి ఎప్పుడో రిలీజు పంపితే కాటా మొరాయించింది, డీబగ్గు పంపితే ఆడింది. ఆడుతున్నదాన్ని కదపొద్దని ప్రొప్రయిటరు గారు ఆజ్ఞాపించారు. అప్పటి నుంచి అది మా ఇంటి మడి అయిపోయింది. అక్క ఆ మడి మీద నుంచి దాటి అవతలికి వెళ్ళింది. రిలీజు పెట్టింది. 'వేగం సంగతి తరవాత, ఒళ్ళు తగ్గించు' అని కంపైలరుకి చెప్పింది. ఎవరూ పిలవని ఫంక్షన్లుంటే బయటికి నెట్టమని, రుబ్బిన ముక్కల్ని ఒక ఫైలుగా కలిపే లింకరుకి చెప్పింది. ఒకప్పుడు చేపల వేలానికని రాసినవీ, జీడిపప్పు డబ్బాలు తూచడానికి రాసి వాళ్ళు వద్దన్నవీ, ఎవరూ పిలవకపోయినా పెళ్ళింట్లో దూరపు చుట్టాల్లా మంచాలేసుకుని పడుకున్నవన్నీ లేచి చాపలు చుట్టుకున్నాయి. రుబ్బింది. ఎనిమిది.

"ఎనిమిదేంటి?" అని అక్క కుర్చీ వెనక్కి నెట్టింది. తను రాసిన కోడు తనకి తెలుసు, అది ఎనిమిది ఎంబీలుండే పిల్ల కాదంది. లోపల ఇంకెవరో ఉన్నారంది. ఫైలు పొట్ట తెరిచి చూసేసరికి, ఒకదాని వెనక ఒకటి, తెర నిండా జరీచీరల్లో అమ్మవార్లు ప్రత్యక్షమయ్యారు. అక్క అప్రయత్నంగా చెప్పులు విప్పేసింది. తరవాత నావైపు తిరిగింది. నేను ప్రొప్రయిటరు గారి వైపు తిరిగాను. ఆయన గోడ మీది కేలండరు వైపు తిరిగారు.

"సార్, ఫైలంతా అమ్మవారేనండీ. తూకం ఓ మూలనుందండీ."

"ఉండనీ అమ్మాయ్. ఆవిడ చల్లగా చూడబట్టే ఇన్నాళ్ళు ఆడింది."

"పోనీ కాస్త నొక్కి, చిన్నవి చేసి పెడతానండీ."

"అమ్మవారిని నొక్కుతావా!" ప్రొప్రయిటరు గారు చెవులు మూసుకున్నారు. "ఆఫీసు పోతే పోయింది. ఆవిణ్ని బయటికి పంపిన పాపం నాకొద్దు."

నా కళ్ళ ముందు ఐసు దిమ్మలు వరసగా తేలాయి. ఆయన భక్తి ముందు కంపైలరులూ, లింకర్లూ పనికిరావు. ఈ గోడ ఎవరూ దాటలేరనుకున్నాను. అక్క కాజా ఒకటి తీసి సగం కొరికి, నెమ్మదిగా అడిగింది. "సార్, దసరా పూజ అయ్యాక ఉద్వాసన చెప్పారాండీ?"

ప్రొప్రయిటరు గారు ఉలిక్కిపడ్డారు. పూజకి ఆవాహన చేసిన దేవతని పూజ అయ్యాక సాగనంపాలి, అదే ఉద్వాసన. బయట కలశానికి చెప్పారు. లోపలి బొమ్మలకి ఎవరూ చెప్పలేదు.

"ఇన్నేళ్ళ నుంచీ పిలిచి కూర్చోబెట్టేసి, నైవేద్యం లేదు, దీపం లేదు, చీకటిగదిలో ఒకరి మీద ఒకర్ని పెట్టేశారండీ. ఏ తల్లి ఒప్పుకుంటుందండీ?"

ఆయన మొహం పాలిపోయింది. "నిజమేనమ్మా. అపచారం జరిగిపోయింది. మరి వచ్చే ఏటికి పనిముట్టుకి పూజెలాగ?"

"లారీకెలా చేస్తారండీ? లారీ అంతా కుంకుమ పూస్తారా? ఒక్క బొట్టు పెడతారు. దీనికీ ఒక్క ఎర్ర చుక్క. కంప్యూటరు గియ్యగలిగే అన్నిటికన్నా చిన్న చుక్క. బొట్టు చిన్నదైతే భక్తి చిన్నదవదు కదండీ."

నాకు అప్పుడు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు, ప్రొప్రయిటరు గారు చూస్తున్నారు. పెద్ద పెద్ద కంపెనీల్లో కోటు వేసుకుని పాఠాలు చెప్పేవాళ్ళని తరవాత చాలామందిని చూశాను గానీ, ఫైలు ఒళ్ళు తగ్గించడానికి పూజావిధానంలోంచి దారి తీసిన మనిషిని మళ్ళీ చూడలేదు. ప్రొప్రయిటరు గారు కాళ్ళు కడుక్కొచ్చి, అగరొత్తి వెలిగించి, ఉద్వాసన మంత్రం చెప్పి, బొమ్మలన్నిటినీ తన సొంత కంప్యూటరులోకి సగౌరవంగా తెచ్చుకుని, ఆ తరవాత ఫైలులోంచి తన చూపుడు వేలితోనే తీసేశారు. అక్క ఎర్ర చుక్క పెట్టింది. రుబ్బింది. ఒక ఎంబీలో సగం కూడా లేదు! గాలి వీస్తే ఎగిరిపోతుందేమోనని నేను కిటికీ మూశాను.

శుక్రవారం పొద్దున్నే అక్కా, బావా, నేనూ ముగ్గురం షేరాటోలో యార్డుకి వెళ్ళాం, ఒళ్ళో ప్రొప్రయిటరు గారి లాప్‌టాపు. (లాప్‌టాపని పేరే గానీ, ఒళ్ళో పెట్టుకుంటే కాళ్ళు తిమ్మిరెక్కి సగం జనాభా కుంటుకుంటూ దిగాలి.) కాటా ముందు లారీలు వరసకట్టి ఉన్నాయి. నాకైతే ఆ వరస కొస అనకాపల్లిలో ఉన్నట్టు కనపడింది. షావుకారు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. బావ ఫైలు ఎక్కించాడు. పట్టింది. మూడొంతులకి పైగా జాగా మిగిలింది కూడా. బావ నా వీపు మీద చరిచిన చరుపుకి నా పళ్ళు ఒకదానికొకటి పరిచయం చేసుకున్నాయి. మొదటి లారీ కాటా ఎక్కింది. తెర మీద బరువు పడింది.

ఆ బరువు చూస్తే అది లారీ కాదు, ఔటరు హార్బరులో లంగరు వేసిన ఓడ. దాని మీద ఇంకో ఓడ.

"ఏటయ్యా ఇది?" అన్నాడు షావుకారు. "నా కాటా భూమిలోకి దిగిపోద్దేటి? నాను ముందే సెప్పాను, మీ వల్ల అవదని. ఐదరాబాదోళ్ళకి ఫోన్ సేత్తన్నాను."

"చేసుకోండి. వాళ్ళు ఫోనెత్తేలోపు అయిపోతుందండీ" అంది అక్క. అని, పక్కనున్న సిమెంటు బస్తా మీద పట్టుచీర కొంగు పరిచి కూర్చుని, లాప్‌టాపు తెరిచింది. వెనక హారన్లు మోగిపోతున్నాయి. ఒక డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి "ఏటమ్మా, మావు ఇక్కడే కాపరవెట్టాలా?" అన్నాడు. "పెట్టండి బాబూ, సాయంత్రం పేరంటానికొస్తాను" అంది తలెత్తకుండానే. నాకైతే గుండె గొంతులోకి వచ్చి, అక్కడ జాగా చాలక నాలిక కింద కూర్చుంది. అక్క మాత్రం ఒక్కో పంక్తీ, బియ్యంలో మెరిగలు ఏరినట్టు, పెదాలు కదుపుతూ చదువుకుంటూ పోయింది. కాసేపటికి ఆగింది. పెద్దగా నవ్వింది.

"దొరికింది. ఖాళీ లారీ బరువు ఉంచుకునే గిన్నె ఉంది కదా, దాంట్లో ముందు సున్నా పెట్టడం మర్చిపోయారు. డీబగ్గులో ఉన్నంతకాలం ఖాళీ గిన్నెల్లో మిషనే ఏదో ఒక గుర్తు వేసి ఉంచుతుంది, మన అదృష్టం కొద్దీ దాంతో లెక్క కుదిరింది. రిలీజులో ఎవరి గిన్నె వాళ్ళే కడుక్కోవాలి. కడక్కపోతే అడుగున నిన్నటి సాంబారు ఏదుంటే అదే. ఇన్నేళ్ళూ మీరు రిలీజంటే భయపడింది దీనికేనండీ. ఇంత తెలివితక్కువ పని చేసిందెవరా అని చూస్తే..."

"ఎవరక్కా?" అన్నాను, నేనే అయి ఉంటానన్న పూర్తి నమ్మకంతో.

"నేనేరా!" అని ఇంకా గట్టిగా నవ్వింది. తప్పు దొరికినందుకు అంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు, అదీ సొంత తప్పు, అదీ కొంప మునుగుతుండగా. అక్కడ ఒక్క సున్నా పెట్టింది. రుబ్బింది. బావ ఎక్కించాడు. తెర మీద బరువు మారింది. షావుకారు వంగి చూసి, డ్రైవరు చేతిలోని పాత చీటీ తీసుకుని పక్కన పెట్టి చూసి, మళ్ళీ తెర చూశాడు.

"సరిపోనాది" అన్నాడు. "కాటా మీ దగ్గరే ఉంటాది. ఈయమ్మకి కూల్‌డ్రింకు తెప్పించరా" అని లోపలికి కేకేశాడు. లారీలు కదిలాయి. బావ కాటా మీదకెక్కి తన బరువు తూచుకుని, మా సాఫ్టువేరులో ఇంకా తప్పుందని వాదించాడు.

తిరిగొచ్చేటప్పుడు షేరాటోలో అక్క పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. ఎర్ర మట్టి మొహం మీద కొడుతోంది. అడగాలా వద్దా అని గాజువాక దాకా నలిగి, చివరికి అడిగేశాను. "అక్కా, నన్ను ఉంచుతారా?" ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "రేపట్నుంచి నా పక్క కుర్చీలో కూర్చో. నేను చేసేది చూడు. చేతులు మాత్రం కట్టుకుని చూడు" అంది. అదే నా అపాయింట్‌మెంటు ఆర్డరు. నేను చేతులు కట్టుకుని ఎన్నో నెలలు చూశాను. ఆ తరవాత నెమ్మదిగా ఒక చెయ్యి విప్పనిచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళాక వీధరుగు మీద అమ్మనీ, మావయ్యనీ, పక్కింటివాళ్ళనీ కూర్చోబెట్టుకుని నేను కథ చెప్పాను. లారీలు వంద అయ్యాయి. షావుకారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఫైలు ఇక తగ్గదనుకున్న సమయంలో ఎవరో కుర్రాడు అక్క చెవిలో ఒక సలహా చెప్పాడు, ఆ కుర్రాడెవరో నేను చెప్పలేదు గానీ, చెప్పేటప్పుడు కాలరు సర్దుకున్నాను. మావయ్య చాలాసేపు ఆలోచించి, "సున్నా ఎడితే అంత బరువు తగ్గిపోద్దేటిరా?" అన్నాడు. "నీకర్థం కాదులే మావయ్యా" అన్నాను, నాకు పూర్తిగా అర్థమైనట్టు.

ఈ మధ్య అక్క ఫోను చేసినప్పుడు ఆ కథ మళ్ళీ ఎత్తాను. అక్క ఓపిగ్గా విని, "ఒరేయ్, ఆ రోజు లారీలు గట్టిగా ఐదో ఆరో ఉన్నాయిరా" అంది. ఉండొచ్చు. ఆవిడకి దేన్నయినా తగ్గించడం అలవాటు. నాకు మాత్రం ఆ అరుగు మీద కాలరు సర్దుకుంటున్న కుర్రాడి మీద కోపం రాదు. బక్కగా, జేగురు రంగు చొక్కాతో, తన కళ్ళతో చూసిన గొప్ప పనిని చెప్పడానికి తన దగ్గరున్న మాటలు చాలక రెండు చేతులూ గాల్లో ఊపుతుంటాడు. వాడిప్పుడు ఎదురుపడితే పక్కన కూర్చోబెట్టుకుని ఒక టీ ఇప్పిస్తాను. ఇప్పించి, కథంతా మొదట్నుంచీ మళ్ళీ చెప్పించుకుంటాను. వంద లారీలనే చెప్పమంటాను.